జ్యేష్ఠం రెండుసార్లు ఎందుకొచ్చిందంటే

విజయనగరం,
2026 మే 24

చిరంజీవులు బుజ్జికీ, చిన్నోడికీ తాతయ్య దీవెనలు.

బుజ్జీ, నువ్వడిగినదానికి ఫోన్లోనే జవాబు చెబుదామంటే వెనకాల మీ అమ్మ కుక్కర్ కూత, చిన్నోడి ఏడుపు. అందుకే ఈ ఉత్తరం. "పంతులుగారు అధికమాసం అన్నారట, మామయ్య పెళ్ళి వాయిదా పడింది. ఆ నెల ఎక్కణ్ణించి వచ్చింది తాతయ్యా?" అని కదా నీ గొడవ. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఆ తర్వాత నిజ జ్యేష్ఠం. లడ్డూలు ఎక్కడికీ పోవులే గుంటా.

నేను పొద్దున్నే మా కుక్క బంటిగాణ్ణి వెంటేసుకుని అయ్యకోనేరు గట్టు చుట్టూ నడుస్తాను కదా. నన్ను సూర్యుడనుకో. (ఈ ముక్క మీ మామ్మకి చదివి వినిపించకు.) బంటిగాడు చంద్రుడు. నా ఒక చుట్టు 365 అడుగులనుకో, అది ఏడాది. దారిలో వాడికి పన్నెండు మకాములున్నాయి: కరెంటు స్తంభం, టీ బడ్డీ, విరిగిన బెంచీ, ఇలా. ఒక్కో మకాం ఒక్కో నెల. నేను 354 అడుగులు వేసేసరికే వాడు పన్నెండూ వాసన చూసేసి ముందుకెళ్ళిపోతాడు. అంటే నాకింకా పదకొండు అడుగులు మిగిలే ఉంటాయి. రెండో చుట్టుకి ఇరవై రెండు. మూడో చుట్టు పూర్తవకుండానే దగ్గర దగ్గర ముప్ఫై. అప్పుడు వాడికి అనుమానమొస్తుంది, ముసలాయన వస్తున్నాడా, కూలబడ్డాడా అని. వెనక్కి చూసి, ఉన్న స్తంభం దగ్గరే ఇంకో చుట్టు తిరుగుతాడు. ఈలోగా నేను అందుకుంటాను. ఒకే స్తంభం రెండుసార్లు, ఒకే పేరు రెండుసార్లు. మొదటిసారి ఉత్తుత్తి వాసన, రెండోసారి కాలెత్తి అసలు పని. అందుకే అధికం ముందు, నిజం తర్వాత. పెళ్ళిళ్ళు నిజంలోనే... సరే, పోలిక పాడైపోతోంది. మీ మామయ్యకి చెప్పకండి.

ఏ నెలని రెండుసార్లు లెక్కపెట్టాలో పంచాంగం రాసేవాళ్ళకి తెలుసు. సూర్యుడు ఒక రాశిలోంచి ఇంకో రాశిలోకి మారడమే సంక్రమణం. రెండు అమావాస్యల మధ్య సంక్రమణం పడకపోతే అది అధికమాసం. రంజాన్ లెక్కలో ఈ ఆగడం లేదు, అందుకే ఆ నెల ఎండాకాలం, వానాకాలం, చలికాలం అన్నీ తిరిగొస్తుంది. మనమూ ఆగకుండా పోతే పదేళ్ళలో ఉగాది డిసెంబరుకి చేరుతుంది. అప్పుడు పచ్చట్లోకి వేపపువ్వు ఎక్కడ తెస్తావు?

నా చిన్నప్పుడు మా ఇంట్లో పుస్తకమంటే పంచాంగమే. మేకుకి దారం కట్టి వేలాడదీసేవారు, అట్ట మీద పసుపు వేలిముద్రలు. ఉగాది నాడు రామాలయంలో పంతులుగారు ఆదాయం, వ్యయం చదువుతుంటే మా నాన్నకి ఆదాయం రెండూ వ్యయం పద్నాలుగూ వచ్చిందనుకో, ఆ వారమంతా మాకు జంతికలు బంద్. నేను మాత్రం బల్లిపాటు పేజీ కంఠతా పట్టాను. మంచి ఫలం ఉన్నచోట బల్లి పడుతుందేమోనని చూరు కింద భుజం సాచి కూచునేవాణ్ణి. బల్లి పడలేదు కానీ చదవడం వచ్చేసింది. అందుకే చెబుతున్నా, బజ్జీల పొట్లం కాగితమైనా సరే, చదివాకే పారెయ్యండి.

అన్ని పండగలూ బంటిగాడి వెనకే పోవు. సంక్రాంతి సూర్యుడిది, జనవరి 14 లేదా 15. మీ ఊరి అరసవల్లిలో సూర్యనారాయణ స్వామి పాదాల మీద పొద్దుటి కిరణాలు పడేది మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదట్లోనూ. ఆ రెండు వేళలా సూర్యుడు తూర్పున ఇంచుమించు ఒకేచోట పొడుస్తాడు. వింతేమిటంటే, ఆ సూర్యుడి పండగ రథసప్తమి మాత్రం చంద్రుడి తిథి ప్రకారమే! మా ఊరి పైడితల్లమ్మ జాతర సిరిమాను ఇంకో రకం: విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం. తిథీ కావాలి, వారమూ కావాలి. నిరుడు దసరా అక్టోబరు 2, సిరిమాను 7న.

ఇంకొకటి. నీ పుట్టినరోజు తేదీ, తిథి మళ్ళీ దాదాపు ఒకేరోజు కలవాలంటే నీకు 19 ఏళ్ళు రావాలి. 19 ఏళ్ళకి ఏడు అధికమాసాలు వేస్తే సూర్యుడి లెక్కా చంద్రుడి లెక్కా ఇంచుమించు సరిపోతాయి. టెలిస్కోపు పుట్టకముందే ఇది కనిపెట్టినవాళ్ళు ఎన్ని రాత్రులు ఆకాశం చూస్తూ కూచున్నారో! నాకైతే ఆలోచిస్తేనే తల గిర్రున తిరుగుతుంది.

నువ్వు అంత కష్టపడక్కర్లేదు. జూన్ 16న పొద్దు గుంకాక మేడెక్కి, మబ్బు లేకపోతే పడమటికి చూడు. సన్నటి నెలవంక కనిపిస్తుంది, దానికి పైన గట్టిగా మెరిసేది శుక్రుడు. మర్నాడు అదే వేళకి, అదేచోట నిలబడి చూడు. చంద్రుడు ఎంత పైకి, ఎంత ఎడమకి జరిగాడో పిట్టగోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టు. చిన్నోణ్ణి పిట్టగోడ ఎక్కనివ్వకు. పౌర్ణమి దాకా ఎన్ని రోజులు కుదిరితే అన్ని రోజులు పెట్టి, బొమ్మ గీసి పోస్టులో పంపు. వాట్సాప్‌లో పంపితే చూడను.

ఇట్లు,
మీ తాతయ్య