సింకో రాంచ్‌లో ఇల్లు: "బ్యాంకు అడగలేదు కదా అన్నా"

అపోహ: బ్యాంకు ఫ్లడ్ ఇన్సూరెన్స్ అడగలేదంటే ఇక్కడికి నీళ్లు రావు.

టెక్సస్‌లో హ్యూస్టన్ పక్కనున్న కేటీలో ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని, సింకో రాంచ్ ఇక్కడి కాలనీ. ఈ మాట వినని వారం లేదు. బ్యాంకు తప్పనిసరి చేసేది ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ) మ్యాపులో వందేళ్ల వరద జోన్‌లో, అంటే ఏటా నూటికి ఒక శాతం ముంపు అవకాశం ఉన్న చోట పడ్డ ఇళ్లకే. 2017లో హార్వీ తుఫానుకి ఇక్కడ మునిగిన ఇళ్లలో చాలావరకు ఆ జోన్ బయటివే.

ఈ నేల కథ తెలిస్తే ఆశ్చర్యం ఉండదు. 1937లో విలియం వీలెస్, మరో నలుగురు మిత్రులు కలిసి పెట్టిన రాంచ్ ఇది. పశువులు, వరి. 1940ల్లో పక్కనే ఆర్మీ ఇంజనీర్లు హ్యూస్టన్‌ని కాపాడటానికి బార్కర్ డ్యామ్ కట్టారు. మామూలు రోజుల్లో ఎండిపోయి ఉంటుంది, భారీ వానలప్పుడే నీళ్లు నిలబెడతారు. ఆ నీళ్లు నిలవడానికి ప్రభుత్వం కొన్న నేల సముద్రమట్టానికి 95 అడుగుల ఎత్తు వరకే. ఆపైన అప్పట్లో పచ్చిక, వరి మళ్లు. 1984లో రాంచ్ డెవలపర్లకు అమ్ముడుపోయింది, 1991 నుంచి ఇళ్లలో జనం దిగారు. హార్వీకి డ్యామ్ వెనక నీటి మట్టం 101 అడుగులు దాటింది.

ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని ప్లాట్ మ్యాపుల మీద చిన్న అక్షరాల్లో ఈ ముంపు సంగతి రాసే ఉంది. ఎవరు చదువుతారు? ఒక క్లయింట్ వాళ్ల నాన్నగారు, కోనసీమ రైతు, పెరట్లో నిలబడి "ఈ మట్టిలో నీళ్లు ఇంకవురా, వరి బాగా పండుతుంది" అన్నారు. అబ్బాయి నవ్వాడు, పాలసీ మాత్రం ఆ సాయంత్రమే తీసుకున్నాడు.

టెన్షన్ పడకండి, సింకో రాంచ్ అంతా మునగలేదు. మీ ఇంటి మట్టం ఎంతో కనుక్కోండి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరదకి పైసా ఇవ్వదు. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు. కొత్తగా విడిగా తీసుకుంటే సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. గల్ఫ్‌లో తుఫాను పుట్టాక నాకు ఫోన్ చేస్తే నేను చేయగలిగింది ఏమీ లేదు.

అపోహ: రాంచ్ భూమి కాబట్టి పన్ను తక్కువ. ఆ తగ్గింపు ఆవులతోనే పోయింది. మడ్ (MUD) టాక్స్, అంటే నీళ్లు, డ్రైనేజీ చూసే స్థానిక యుటిలిటీ డిస్ట్రిక్ట్ పన్ను, ఎంతో చూసుకోండి.

అపోహ: ఇంటి కింద ఆయిల్ మనదే. మినరల్ రైట్స్ (నేల కింద ఆయిల్, గ్యాస్ మీద హక్కులు) చాలాచోట్ల పాత యజమానులే ఉంచేసుకున్నారు.

అపోహ: కోర్టు ప్రభుత్వానిదే బాధ్యత అంది, మళ్లీ మునిగినా వాళ్లే ఇస్తారు. 2019 తీర్పు హార్వీ ముంపు కేసులో వచ్చింది. దాన్ని నమ్ముకుని పాలసీ మానేయకండి.