హోమ్‌లో పూలతోటకి వాలంటీర్లు: అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో పెద్దవాళ్లుండే అసిస్టెడ్ లివింగ్ హోమ్‌లలో పూలతోటలు వేయించడం, వాటికి వాలంటీర్లను వెతికి తీసుకురావడం నా పని. ఏ హోమ్‌కి వెళ్లినా మేనేజర్ మొదట అనే మాట ఒకటే: "స్థలం ఉందండీ, మనుషులే దొరకరు." దొరుకుతారు. తేడా అంతా మనం అడిగే పద్ధతిలో ఉంది.

అపోహ: ఈ ఊళ్లో ఆఫీసు, ట్రాఫిక్‌తోనే సరిపోతుంది. ఎవరికీ తీరిక లేదు.

వాస్తవం: "తోట వేస్తున్నాం, సాయానికి రండి" అని వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ బాగుంది అంటారు, వచ్చేది ఒకరిద్దరే. అదే "శనివారం పొద్దున 7 నుంచి 9 దాకా రెండు మడులకి మట్టి, ఎరువు కలపాలి, నలుగురు కావాలి, పారలు మా దగ్గరున్నాయి" అని పెట్టండి. సాయంత్రానికల్లా పేర్లు వస్తాయి. పని ఎంతో, ఎప్పుడు అయిపోతుందో తెలిస్తే మనిషికి ధైర్యం వస్తుంది.

నేను ముందు అడిగేది రెండు కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లని. సర్జాపూర్ రోడ్డు నుంచి మల్లేశ్వరానికి ఒకసారి వస్తారు, రెండోసారి రావడం కష్టం. అది వాళ్ల తప్పు కాదు. దగ్గర్లో డిగ్రీ కాలేజీ ఉంటే ఎన్ఎస్ఎస్ (విద్యార్థులతో సేవ చేయించే జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌ని కలవండి. 1969 నుంచి నడుస్తున్న పథకం అది. అందులో చేరిన పిల్లలు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చెయ్యాలి. కాకపోతే పరీక్షలప్పుడు వాళ్లు కనపడరు. ఆ రోజులకి రిటైరైనవాళ్లని, హోమ్‌లో ఉన్నవారి కొడుకుల్ని, కోడళ్లని ముందే మాట్లాడి పెట్టుకోవాలి. లాల్‌బాగ్‌లో జనవరి 26కి, ఆగస్టు 15కి ఫ్లవర్ షో జరుగుతుంది కదా, ఆ తర్వాతి వారం అడిగి చూడండి. పూల మీద మనసు తాజాగా ఉంటుంది.

అపోహ: ఎంత ఎక్కువమంది వస్తే తోట అంత తొందరగా తయారవుతుంది.

వాస్తవం: ఒకసారి ఒక కంపెనీ నుంచి అరవై మంది వచ్చారు. మంచి పిల్లలు, చెమటలు కారేలా కష్టపడ్డారు. మధ్యాహ్నానికి రెండు వందల మొక్కలు నాటేశారు. మూడు వారాలకి చాలా మొక్కలు వాడిపోయాయి. పీకి చూస్తే నర్సరీ నల్ల కవరు అలాగే ఉంది, వేరు బయటికి రాలేకపోయింది. చెప్పాల్సిన మనిషిని నేను ఒక్కదాన్నే, అరవై మంది దగ్గరికీ వెళ్లలేకపోయాను. అప్పటి నుంచి ఒక పూటకి ఎనిమిది మందికి మించి పిలవను.

నాటేరోజు ఎవరైనా వస్తారు. ఏప్రిల్ ఎండల్లో మంగళవారం పొద్దున నీళ్లు పోసేవాళ్లెవరు? ముందు ఆ మనిషిని ఖాయం చేసుకుని, ఆ తర్వాతే మొక్కలు కొంటాను.

అపోహ: మొక్కల గురించి తెలిసినవాళ్లే రావాలి.

వాస్తవం: అక్కర్లేదు. తెలిసినవాళ్లు హోమ్ లోపలే ఉంటారు.

అపోహ: పెద్దవాళ్లు కూర్చుని చూసి సంతోషిస్తే చాలు, పని మనం చేసిపెట్టాలి.

వాస్తవం: ఇక్కడే అందరూ పొరబడతారు. 1976లో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో చేసిన అధ్యయనం ఉంది. ఒక అంతస్తులో ఉన్నవాళ్లకి, మీ పనులు మీరే నిర్ణయించుకోండి అని చెప్పి, పెంచుకోమని ఒక్కో మొక్క ఇచ్చారు. ఇంకో అంతస్తులో వాళ్లకీ మొక్కలిచ్చారు గానీ, అన్నీ సిబ్బందే చూసుకుంటారు, నీళ్లు నర్సులే పోస్తారు అన్నారు. మొదటి అంతస్తువాళ్లలో చురుకుదనం, సంతోషం పెరిగాయి.

మా దగ్గర హిందూపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉన్నారు. నలభై ఏళ్లు ఈ ఊళ్లోనే కాపురం చేశారు, కన్నడం బాగా మాట్లాడేవారట. మతిమరుపు ముదిరాక అది జారిపోయింది, తెలుగొక్కటే మిగిలింది. సిబ్బందిలో ఎక్కువమందికి హిందీ తప్ప రాదు. ఆమె రోజంతా కిటికీ దగ్గరే కూర్చునేవారు. ఒక శనివారం మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడు ఎండిన కనకాంబరం కంకులు గిన్నెలో పెట్టుకుని, "ఇందులోంచి గింజలెట్లా తియ్యాలి పెద్దమ్మా?" అని అడిగాడు. ఆమె గ్లాసులోంచి నాలుగు చుక్కల నీళ్లు వాటి మీద చిలకరించి, గిన్నె మీద చెయ్యి బోర్లించారు. కాసేపటికి కాయలు టప్, టప్‌మని పేలాయి. గింజలు అరచేతికి తగులుతుంటే ఆమె నవ్వారు. "మా నాయిన పొద్దున్నే మంచు పడితే కాయలు పేలిపోతాయని ముందు రోజు సాయంత్రమే కోయించేవాడు" అన్నారు. ఆ కుర్రాడు ఇప్పటికీ మానకుండా వస్తున్నాడు. వాళ్లూళ్లో వాళ్ల అవ్వ ఉంది, ఆమెతో మాట్లాడినట్టే ఉంటుందంటాడు.

అందుకే వాలంటీర్ల కోసం పెట్టే ప్రకటనలో "తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడేవాళ్లు కావాలి" అని తప్పకుండా రాయిస్తాను. పార పట్టడం ఎవరికైనా పది నిమిషాల్లో నేర్పొచ్చు.

అపోహ: పూలమొక్కే కదా, ఏదైనా ఒకటే.

వాస్తవం: వాలంటీర్లు ప్రేమతో ఇంటి నుంచి మొక్కలు తెస్తారు. వాటిలో గన్నేరు, ఉమ్మెత్త ఉంటే మొహమాటం లేకుండా వెనక్కి పంపండి. రెండూ విషమే. మతిమరుపు ఉన్నవారు ఆకో పువ్వో నోట్లో పెట్టుకునే ప్రమాదం ఉంది. మందారం, మల్లె, చామంతి, బంతి మాకు బాగా వస్తున్నాయి. చక్రాల కుర్చీలో ఉన్నవారికి చెయ్యి అందాలంటే మడి గట్టు రెండు, రెండున్నర అడుగుల ఎత్తుండాలి. దారి నాలుగడుగుల వెడల్పుతో, కంకర లేకుండా చదునుగా ఉండాలి. కుండీల కింద పళ్లేలలో నీళ్లు నిలవకూడదు, డెంగీ దోమ పెరిగేది అలాంటి నీళ్లలోనే. పెద్దవాళ్ల చర్మం పలచన, చిన్న గీరుకే రక్తం వస్తుంది, గ్లవ్స్ తప్పనిసరి. జలుబు, జ్వరం ఉన్న వాలంటీరు ఆ వారం రాకూడదు. పెద్దవాళ్లనో, వాళ్ల ఇంటివాళ్లనో అడగకుండా ఫొటోలు తియ్యకూడదు.

నీళ్ల సంగతి కూడా ముందే తేల్చుకోండి. 2024 మార్చిలో కొరత వచ్చినప్పుడు తాగేనీళ్లు తోటలకి పొయ్యొద్దని ఇక్కడి జలమండలి ఆదేశించింది, పోస్తే 5,000 రూపాయల జరిమానా. అప్పుడు మా మడులు నిలబడింది వంటింట్లో బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లతోనే. వాటిని బకెట్లలో పట్టి మోసింది పక్కవీధి వాలంటీర్లే.

దసరాకి బంతిపూలు కావాలంటే ఆషాఢం చివరి వారంలో నారు పోసెయ్యాలి. నెలరోజులకి నారు తీసి నాటితే, ఆపైన ఆరేడు వారాలకి పూలొస్తాయి. మడులు అంతకుముందే తవ్వుకోవాలి, అంటే జ్యేష్ఠంలోనే నలుగురితో మాట్లాడి పెట్టుకోవాలి.