దురదకు నట్టల మందు మింగించకండి

నిన్న సాయంత్రం ఒకావిడ తన కుక్కను తీసుకువచ్చి, సంచిలోంచి ఖాళీ మాత్రల రేకులు తీసి బల్ల మీద పరిచారు. ఐదు నెలల్లో తొమ్మిదిసార్లు నట్టల మందు వేశారు. కుక్క నడుము మీద, తోక మొదట్లో అరచేయంత మేర వెంట్రుకలు ఊడిపోయి, చర్మం కమిలి, గోకిన చోటల్లా పొక్కు కట్టి ఉంది. "కడుపులో పురుగులు పోతే చర్మం దానంతటదే బాగుపడుతుందని అందరూ చెబుతున్నారు డాక్టర్ గారూ. ఇంకా గట్టి మందు ఏదైనా రాయండి" అన్నారు. చెబుతుంటే ఆవిడ గొంతు వణికింది. రాత్రంతా అది గోక్కునే చప్పుడుకు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదట.

ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆ చెప్పిన "అందరి" మీద ఉంది. వారానికి నాలుగైదుసార్లు ఇదే మాట వింటున్నాను, అందుకే ఈ అపోహ గురించి వివరంగా రాస్తున్నాను.

అపోహ: మళ్లీ మళ్లీ వచ్చే దద్దుర్లకు కారణం కడుపులోని నట్టలు.

సన్న పళ్ల దువ్వెనతో ఆ కుక్క తోక మొదట్లో నాలుగుసార్లు దువ్వి, రాలినదాన్ని తడిపిన తెల్ల కాగితం మీద దులిపాను. మిరియాల పొడిలాంటి నల్లటి నలుసులు పడ్డాయి. అర నిమిషం ఆగేసరికి ఒక్కో నలుసు చుట్టూ ఇటుకరంగు మరక పాకింది. మట్టి అయితే అలా పాకదు. అది కుక్క రక్తమే. ఫ్లీలు, అంటే వెంట్రుకల్లో దాగి రక్తం తాగే చిన్న పురుగులు, తాగి, జీర్ణం చేసుకుని, వెంట్రుకల మధ్య విసర్జించిన రక్తం. ఆవిడ కాగితం వైపు, కుక్క వైపు మార్చి మార్చి చూశారు. "మా వాడి మీద ఒక్క పురుగు కూడా ఎప్పుడూ కనిపించలేదే!" అన్నారు.

కనిపించదు. ఫ్లీ పిడుదులాగా పట్టుకుని వేలాడదు. రెండు మూడు మిల్లీమీటర్ల సన్నటి పురుగు, వెంట్రుకల్లో పరుగెడుతుంది, దూకుతుంది. పైగా దురద ఉన్న కుక్క రోజంతా పళ్లతో కొరుక్కుంటూ వాటిని మింగేస్తుంది. ఎంత ఎక్కువ దురద ఉంటే అంత తక్కువ ఫ్లీలు కనిపిస్తాయి. ఫ్లీ ఉమ్మికి అలర్జీ ఉన్న కుక్కకు వందల పురుగులు అక్కర్లేదు, కొద్దిపాటి కాట్లు చాలు, దురద రోజుల తరబడి సాగుతుంది. నడుము వెనక భాగం, తోక మొదలు, తొడల వెనక వైపు: దద్దుర్లు ఈ చోట్లలో ఉంటే నేను మొదట అనుమానించేది ఫ్లీలనే.

మరి నట్టల మాట ఎక్కడినుంచి వచ్చింది? ఇక్కడే జనం పొరబడతారు, పొరబడడానికి కారణం కూడా ఉంది. ఇలాంటి కుక్క మలద్వారం దగ్గర, అది పడుకున్న గుడ్డ మీద, బియ్యపు గింజల్లాంటి తెల్లటి ముక్కలు కనిపిస్తాయి. తాజాగా ఉంటే కదులుతాయి, ఎండితే నువ్వుల్లా అవుతాయి. అవి బద్దె పురుగు (పేగుల్లో ఉండే టేప్‌వార్మ్) ముక్కలు. దురద, పురుగు రెండూ ఒకేసారి కంటపడేసరికి పురుగు వల్లే దురద అనుకుంటారు. నిజానికి ఆ రెండింటినీ తెచ్చింది ఫ్లీ. బద్దె పురుగు ముక్కల్లోంచి రాలిన గుడ్లను ఫ్లీ పిల్లపురుగులు తింటాయి. అవి పెరిగి పెద్ద ఫ్లీలై కుక్క మీదికి ఎక్కుతాయి. కుక్క కొరుక్కుంటూ వాటిని మింగుతుంది. సుమారు మూడు వారాల్లో మళ్లీ తెల్ల ముక్కలు కనిపిస్తాయి. "మందు పనిచేయలేదు" అని ఇంకో మాత్ర వేస్తారు.

మందు పనిచేసింది. కానీ నట్టల మందు వేసినరోజు లోపల ఉన్నవాటినే చంపుతుంది, రేపు మింగబోయే ఫ్లీని ఆపదు. ఇంకో సంగతి: అన్ని నట్టల మందులూ ఒకటి కావు. పైరాంటెల్ ఏలికపాములకు, కొంకిపురుగులకు పనిచేస్తుంది, బద్దె పురుగును తాకదు. ఫ్లీల ద్వారా వచ్చే ఈ బద్దె పురుగు మీద ఫెన్‌బెండజోల్ కూడా పనిచేయదు. దీనికి ప్రాజిక్వాంటెల్ కావాలి. ఆవిడ తెచ్చిన తొమ్మిది రేకులనూ తిప్పి చదివాను. ఆరింటిలో ఆ మందే లేదు.

కాబట్టి అసలు పని ఫ్లీలను వదిలించడం. దానికి ఓపిక కావాలి, ఎందుకంటే కుక్క మీద ఉన్నవి మొత్తంలో చాలా చిన్న భాగం. ఆడ ఫ్లీ రోజుకు 40-50 గుడ్ల వరకు పెడుతుంది. అవి కుక్క మీద నిలవవు, పడక మీద, తివాచీలో, సోఫా సందుల్లో రాలతాయి. అక్కడే పిల్లపురుగులవుతాయి, గూడు కట్టుకుంటాయి. ఆ గూట్లో ఉన్నవి పిచికారీ మందులకు చావవు, నెలల తరబడి కూడా కాచుకుని ఉండగలవు. అందుకే కనీసం మూడు నెలలు, ఒక్క మోతాదు కూడా తప్పకుండా, ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకూ ప్రతి పిల్లికీ ఫ్లీల మందు వేయాలి. పడక గుడ్డలు వారం వారం వేడి నీళ్లలో ఉతకాలి, మూలలన్నీ వాక్యూమ్ చేయాలి. మొదటి నెలలో కొత్త ఫ్లీలు కనిపిస్తే బెదరకండి, గూళ్లలోంచి బయటపడుతున్నవి అవి. కుక్కకు మూర్ఛలు వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పండి, మందు ఎంపిక మారుతుంది.

"ఇంట్లో ఇంకేమైనా జంతువులు ఉన్నాయా?" అని అడిగాను. "పిల్లి ఉంది. కానీ దానికేమీ లేదు, అసలు గోక్కోదు" అన్నారు. ఐదు నెలలుగా జరుగుతున్నది అదే. అలర్జీ లేని పిల్లి హాయిగా ఫ్లీలను మోస్తోంది, అలర్జీ ఉన్న కుక్క వాటి ఫలితం అనుభవిస్తోంది. ఒక్క హెచ్చరిక: కుక్కల కోసం చేసిన పర్మెత్రిన్ అనే ఫ్లీల మందును పిల్లికి ఎప్పుడూ వేయకండి. వణుకు, మూర్ఛలు వచ్చి పిల్లి చనిపోవచ్చు.

దురదలన్నీ ఫ్లీలవే అని నేను చెప్పడం లేదు. చెవి అంచులు, మోచేతులు విపరీతంగా గోక్కుంటూ, ఇంట్లో మనుషులకు కూడా దురద మొదలైతే గజ్జి పురుగును వెతుకుతాను. పాదాలు నాకుతూ, మొహం రుద్దుకుంటూ, ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు వయసులో మొదలైతే వాతావరణంలోని దుమ్ము, పుప్పొడి లాంటివాటి అలర్జీ గుర్తుకువస్తుంది. నట్టలకూ చర్మానికీ సూటి సంబంధం ఒక చోట ఉంది: కొంకిపురుగు పిల్లలు మురికి నేల నుంచి పాదాల చర్మంలోకి దూరినప్పుడు వేళ్ల మధ్య ఎర్రబడుతుంది. అది కూడా నడుము మీది దద్దురు కాదు.

అపోహ: ఒక్క ఇంజెక్షన్ చేస్తే తగ్గిపోతుంది.

స్టెరాయిడ్‌తో దురద ఆ రాత్రికే తగ్గుతుంది, కారణం మాత్రం అలాగే ఉంటుంది. అవసరమైనప్పుడు కొద్ది రోజులు నేనూ వాడతాను, ఆ ప్రాణికి నిద్ర పట్టాలి కదా. నెల నెలా అదే ఇంజెక్షన్ అడగడం వేరు. కొన్నేళ్ల క్రితం ఎనిమిది నెలల కుక్క ఒకటి నా దగ్గరకు వచ్చింది. మొదట కంటి చుట్టూ చిన్న మచ్చ, అంతే. వేరే చోట మూడు ఇంజెక్షన్లు అయ్యాయి. నేను చూసేటప్పటికి తలనుంచి పాదాల వరకు చీము కారుతోంది. చర్మం గీకి మైక్రోస్కోప్ కింద పెడితే పొగాకు చుట్ట ఆకారంలో డెమోడెక్స్ అనే, కంటికి కనిపించని చర్మపు పురుగులు గుంపులుగా ఉన్నాయి. అవి కొద్ది సంఖ్యలో ప్రతి కుక్క చర్మంలోనూ ఉంటాయి. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని అణచడంతో అడ్డు లేకుండా పెరిగిపోయాయి. నయం కావడానికి నాలుగు నెలలు పట్టింది. మొదటి రోజే రెండు నిమిషాలు చర్మం గీకి చూసి ఉంటే దానికి ఆ బాధ తప్పేది. ఇంజెక్షన్‌కు ముందు "స్క్రేపింగ్ చేశారా?" అని అడగడానికి మొహమాటపడకండి. ఇప్పటికే చాలా రోజులుగా స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మిగతావి త్వరగా చెబుతాను. వెల్లుల్లి నట్టలను చంపదు, మోతాదు ఎక్కువైతే కుక్క ఎర్ర రక్తకణాలను చంపుతుంది. పిరుదులు నేలకేసి ఈడ్చేది నట్టల వల్లే అనుకోకండి, చాలాసార్లు మలద్వారం పక్కన ఉండే గ్రంథులు నిండి ఉంటాయి. తామరకు కారణం పురుగు కాదు, ఫంగస్. దానికి నట్టల మందుతో పనిలేదు. చర్మానికి కిరోసిన్, వాడిన ఇంజిన్ ఆయిల్ పూయకండి, కుక్క నాకితే ప్రాణాల మీదికి వస్తుంది. పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందును అంచనాగా ఎక్కించకండి. కోలీ జాతిలోనూ దాని దగ్గరి జాతుల్లోనూ చాలా కుక్కలకు ఆ మందును మెదడులోకి రానివ్వని జన్యువు దెబ్బతిని ఉంటుంది, అవి కోమాలోకి వెళ్లగలవు.

"మా కుక్కపిల్ల గడప దాటలేదు, దానికి నట్టలు ఎలా వస్తాయి?" అనే ప్రశ్నకు మాత్రం నిదానంగా సమాధానం చెప్పాలి. ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే పిల్లలకు సంక్రమిస్తాయి, కొంకిపురుగులు పాల ద్వారా వస్తాయి. అందుకే రెండు వారాల వయసు నుంచి ఎనిమిది వారాల వరకు రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలలు నిండే వరకు నెలకోసారి బరువు తూచి మందు వేస్తాం, తల్లికి కూడా. పెద్ద కుక్కలకు మూడు నెలలకోసారి, లేదా మలపరీక్ష చూసి. ఏలికపాము గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. మట్టిలో ఆడి, చేతులు కడుక్కోకుండా నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు వాటిలోంచి వచ్చిన పిల్లపురుగులు కంటిదాకా చేరగలవు. మలం రోజూ తీసేయండి.

కుక్కపిల్ల చిగుళ్లు తెల్లగా పాలిపోయి, మలం తారులా నల్లగా ఉండి, నిలబడలేక కూలబడుతుంటే కొంకిపురుగులు రక్తం పీల్చేస్తూ ఉండవచ్చు. దానికి మాత్ర వేసి తెల్లవారేదాకా చూద్దామనుకోకండి. రక్తం ఎక్కించాల్సి రావచ్చు, ఏ వేళ అయినా సరే ఆ క్షణమే తీసుకురండి.