ఆరేళ్ల గడువు కరిగిపోయిన చోట

అమెరికాలో తాత్కాలికంగా ఉద్యోగం చేసేందుకు ఇచ్చే హెచ్1బీ వీసాల కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2025 సెప్టెంబర్ 19న ప్రకటన జారీ చేసినప్పటి నుంచి నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో మాటలన్నీ ఆ అంకె చుట్టూనే తిరుగుతున్నాయి. రొయ్యల చెరువు మీద వచ్చిన డబ్బుతోనో, పొగాకు పంట ఆదాయంతోనో, పొలం తనఖా పెట్టి తెచ్చిన అప్పుతోనో పిల్లలను ఎంఎస్‌కు పంపిన ఇళ్లలో ఆందోళన సహజమే. కానీ అమెరికా వలస విధానం నెగ్గిందా, విఫలమైందా అని తేల్చడానికి ఈ రుసుము సరైన కొలత కాదు. భారతీయులకు దారి తెరిచిన 1965 నాటి అమెరికా వలస చట్టం, 2000 సంవత్సరపు తేదీ కోసం కంప్యూటర్లను సరిచేసిన వై2కె పనులు, అమీర్‌పేట శిక్షణ కేంద్రాల సంగతి పాఠకులకు తెలిసినదే. శాశ్వత నివాసానికి వీలిచ్చే గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే నేటి చిక్కుకు కారణమైన ముడి 2000 అక్టోబర్ 17న పడింది.

ఆ రోజు బిల్ క్లింటన్ సంతకం చేసిన చట్టం హెచ్1బీ వార్షిక పరిమితిని మూడేళ్లపాటు 1,95,000కు పెంచింది. పత్రికల్లో నిలిచింది ఈ అంకే. దీనికన్నా ఎక్కువ కాలం మనుషుల బతుకులను శాసించింది మాత్రం అదే చట్టంలోని మరో నిబంధన. హెచ్1బీ మీద గరిష్ఠంగా ఆరేళ్లే ఉండవచ్చన్న నియమాన్ని సడలించి, గ్రీన్ కార్డు ప్రక్రియ నడుస్తున్నవారు తమ వంతు వచ్చేదాకా వీసాను పొడిగించుకుంటూ ఉండవచ్చని అది చెప్పింది. ఉద్యోగం మారేందుకు కొంత వెసులుబాటూ ఇచ్చింది. ఆనాటి కుటుంబాలకు ఇది వరంగానే కనిపించింది, కనిపించడంలో తప్పూ లేదు.

అయితే 1990 వలస చట్టం నిర్ణయించిన రెండు అంకెలు అలాగే ఉండిపోయాయి. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు ఏటా 1,40,000. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ అందులో 7 శాతం మించరాదు. ఇతర దేశాలవారు వాడుకోనివి మిగిలితే ఈ హద్దు దాటి ఇవ్వవచ్చు గానీ, అలా మిగలకపోతే భారత్‌కైనా ఐస్‌లాండ్‌కైనా గరిష్ఠంగా దక్కేవి సుమారు 9,800. భార్యాభర్తలు, పిల్లలు కూడా ఈ లెక్కలోనే వస్తారు. మరోవైపు హెచ్1బీ ఆమోదాల్లో పదింట ఏడు భారతీయులవే. చెరువులోకి వచ్చే కాలువను వెడల్పు చేసి, తూమును పాత కొలతలోనే ఉంచితే ఏమవుతుందో పెన్నా ఆయకట్టు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2004 నాటికి హెచ్1బీ పరిమితి మళ్లీ 65,000కు దిగింది, అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి మరో 20,000 చేర్చారు. అప్పటికే నిండిన చెరువు మాత్రం తగ్గలేదు.

తక్కువ జీతాలకు విదేశీయులను తెచ్చి తమవారిని తొలగిస్తున్నారన్నది అక్కడి ఉద్యోగుల ఫిర్యాదు. 2025 ప్రకటనకు ఆధారం కూడా అదే. కొన్ని కన్సల్టెన్సీల తీరు చూసినవారెవరూ దీన్ని కొట్టిపారేయలేరు. కానీ యజమాని పెట్టిన దరఖాస్తు మీదే ఇల్లూ వాకిలీ ఆధారపడిన మనిషి జీతం కోసం ఎంత గట్టిగా బేరమాడగలడు? ఆ బలహీనతకు మూలం దశాబ్దం దాటిన నిరీక్షణే.

దాన్ని సరిదిద్దే అవకాశం ఒకసారి చేతికి అందినట్టే అంది జారిపోయింది. ఉద్యోగ కోటాలో దేశాలవారీ హద్దును ఎత్తివేసే బిల్లును అమెరికా ప్రతినిధుల సభ 2019 జూలై 10న 365–65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబర్‌లో సెనేట్ కూడా మార్పులతో ఆమోదించింది. రెండు పాఠాలకూ పొత్తు కుదరక, అప్పటి అమెరికా చట్టసభ (కాంగ్రెస్) గడువుతోపాటే బిల్లూ ముగిసిపోయింది. అంతకుముందు 2015లో గ్రీన్ కార్డు దారిలో కొంత ముందుకు వెళ్లినవారి జీవిత భాగస్వాములకు పని అనుమతి ఇచ్చారు. అది నిరీక్షణను భరించగలిగేలా చేసిందే గాని తగ్గించలేదు.

లక్ష డాలర్ల రుసుము కొత్తగా వెళ్లేవారిని ఆపుతుంది. లోపల ఎదురుచూస్తున్నవారి వంతును ఒక్కరోజు కూడా ముందుకు జరపదు. 2025 చివరలో ఈబీ2 విభాగంలో, అంటే ఉన్నత విద్యావంతులకిచ్చే ఉద్యోగ గ్రీన్ కార్డుల్లో, భారతీయులకు నడుస్తున్న తేదీ 2013 నాటిది. అంటే ఆ తేదీకి ముందు వరసలో చేరినవారికే అప్పుడు వంతు వచ్చింది. ఆ తేదీ దాటాక, 2013 చివర్లో, ఎనిమిదేళ్ల కూతురితో వరసలో నిలబడ్డ ఒంగోలు దంపతులు ఎవరైనా ఉంటే, ఆ పిల్లకు 2026లో 21 నిండుతాయి. చట్టం లెక్కగట్టే వయసు ప్రకారం ఆ గీత దాటితే తల్లిదండ్రుల దరఖాస్తులో ఆమెకు చోటుండదు. తాను పెరిగిన ఊళ్లో ఉండాలంటే విదేశీ విద్యార్థిగా సొంతంగా వీసా తెచ్చుకోవాలి.