సలహాల పుస్తకంలో దొరకని సంగతులు: గ్రంథాలయ సేవలపై అపోహలు - వాస్తవాలు

మండల కేంద్రంలో ఒక శాఖా గ్రంథాలయం చూసుకుంటాను. కొత్తగా ఏదైనా మొదలుపెడదామంటే చాలు, కొన్ని మాటలు అడ్డం పడతాయి. వాటిలో సగం నేనూ అన్నవే.

అపోహ: పాఠకులకు ఏం కావాలో సలహాల పుస్తకంలో వాళ్లే రాస్తారు.

వాస్తవం: రాస్తారు. మా దాంట్లో మూడేళ్లుగా "ఫ్యాను బాగు చేయించండి", "ఫలానా పేపరు తెప్పించండి" అనే రెండు మాటలే ఉన్నాయి. వచ్చేవాళ్లు రాస్తారు సరే, రానివాళ్ల మాటేమిటి? మా దగ్గరికి ఆడవాళ్లు దాదాపు వచ్చేవారు కాదు. "వాళ్లకు తీరికెక్కడిది సార్" అని మావాళ్లు తేల్చేశారు, నేనూ తలూపాను. పక్క వీధి కుట్టు సెంటర్‌కు వెళ్లి అడిగితే "తప్పకుండా వస్తాం సార్" అన్నారు. అది మర్యాద మాట. రెండోసారి వెళ్లినప్పుడు ప్రశ్న మార్చాను. ఇదివరకు ఎప్పుడైనా వచ్చారా, వచ్చి ఎంతసేపు కూర్చున్నారు అని అడిగాను. అప్పుడు ఒకావిడ అసలు సంగతి చెప్పింది. బాత్రూమ్ తాళంచెవి అటెండర్ జేబులో ఉంటుంది, నలుగురి ముందూ ఆయన్ను అడగాలి. పేపర్ల బల్ల గుమ్మం దగ్గరే, పదిమంది మగవాళ్లను తప్పించుకుంటూ లోపలికి రావాలి.

తాళంచెవిని పిల్లల పుస్తకాల బీరువా పక్కన మేకుకు తగిలించాం. పేపర్ల బల్లను వరండాలోకి జరిపాం. పెద్దమనుషులు నాలుగు రోజులు సణిగి, గాలి బాగా వస్తోందని సర్దుకున్నారు. రెండు నెలలు తిరక్కుండానే ఆ సెంటర్ నుంచి ఆరుగురు సభ్యత్వం తీసుకున్నారు.

అపోహ: పోటీ పరీక్షల పిల్లలు పాఠకులు కారు, కుర్చీలు ఆపుకుంటారంతే.

వాస్తవం: మన పుస్తకం ముట్టరన్నది చాలావరకు నిజమే. హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి ఒక్కసారి వెళ్లినా తెలుస్తుంది, సొంత పుస్తకాలతో వచ్చి పొద్దంతా కూర్చునేవాళ్లే ఎక్కువ. వాళ్లకు కావలసింది చోటు, వెలుతురు, ఒక ప్లగ్గు. ఇంట్లో లేనిది అదే. పాఠకుడి సమయం కాపాడమని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రంగా రాశారు. మేమేమో మధ్యాహ్నం తాళం వేసి వాళ్ల రోజును రెండు ముక్కలు చేస్తూ వచ్చాం. ఇప్పుడు పుస్తకాల గదికి తాళం వేసి, హాలు మాత్రం తెరిచి ఉంచుతున్నాం.

అపోహ: కొత్త సేవ అంటే కంప్యూటర్లు.

వాస్తవం: మాకూ వచ్చాయి. చాలాకాలం గుడ్డ కప్పుకుని నిద్రపోయాయి. దరఖాస్తుకు ఫోటో 50 కేబీ లోపు ఉండాలట, ఎలా తగ్గించాలో తెలియక ఒకబ్బాయి దిక్కులు చూస్తుంటే ఆ గుడ్డ తీశాం. నోటిఫికేషన్ పడిన వారం ఇప్పుడు అక్కడ వరుస కడతారు.

అపోహ: డబ్బుల్లేవు కాబట్టి ఏమీ చేయలేం.

వాస్తవం: సగం నిజం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు ఉంది. వసూలు చేసేది స్థానిక సంస్థలు. అది మా దాకా ఎప్పుడొస్తుందన్నది వేరే పురాణం. కానీ 1935లో గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువ మీద పడవల్లో పుస్తకాలు తిప్పారు. జనం రాకపోకలు కాలువ మీద సాగుతుంటే పుస్తకం కూడా అటే వెళ్లింది.

నేను డబ్బు తగలేసిన కథ కూడా చెప్పాలి. పిల్లలకు కథల గంట అని పెద్ద ఫ్లెక్సీ కొట్టించి, ఆదివారం ఉదయం 10కి పెట్టాను. ముగ్గురొచ్చారు, అందులో ఒకడు మా అటెండర్ మనవడు. ఆదివారం పొద్దున తలంట్లు, కోడికూర, టీవీ ఉంటాయని ఏ తల్లిని అడిగినా చెప్పేది. శనివారం బడి వదిలాక రెండు చాపలు పరిచి మళ్లీ మొదలుపెడితే చాపలు చాల్లేదు. ముందు మూడు వారాలు చేసి చూడండి, ఫ్లెక్సీ తర్వాత.

అపోహ: చూపు లేనివాళ్లకు పుస్తకం ఇవ్వాలంటే కాపీరైట్ అడ్డొస్తుంది.

వాస్తవం: 2012 సవరణతో ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది. 2016 నుంచి సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. కంప్యూటర్ తెరమీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం.

అపోహ: సేవ బాగుందో లేదో హాజరు పట్టీ చెబుతుంది.

వాస్తవం: వచ్చినవాళ్ల సంఖ్య చెబుతుంది, ఉత్త చేతులతో వెళ్లినవాళ్లను చెప్పదు. అందుకే బల్లమీద ఒక నోటుబుక్కు పెట్టాం. "లేదు" అని మేం అన్న ప్రతిసారీ ఏం అడిగితే అన్నామో అందులో రాయాలి. పెద్దక్షరాల భాగవతం, తెలుగులో నర్సింగ్ పుస్తకం, భూమి పాస్‌బుక్కులో పేరు తప్పు పడితే ఎవరికి అర్జీ పెట్టాలో చెప్పే కాగితం. మొదటి రెండూ తెప్పించాం. మూడోది తహసీల్దారు ఆఫీసులో కనుక్కుని గోడకు అంటించాం. ఇటుక బట్టీ నుంచి వచ్చిన ఒక పిల్ల ఒడియా బొమ్మల పుస్తకం ఉందా అని అడిగింది. నవంబరులో రాసుకున్న పద్దు అది. దానికి ఇంకా టిక్కు పడలేదు, బట్టీ పని ముగిస్తే వాళ్లు వెళ్లిపోతారు.