తరుగు ఎవరి ఖాతాలో? రోకలి నుంచి సార్టెక్స్ దాకా

ఒడిశాలో ఖరీఫ్ ధాన్యం కొనుగోళ్లు మొదలయ్యాయంటే గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ మండీల్లో ఏటా వినపడే మాట ఒకటే: ‘కట్నీ ఛట్నీ’. తేమ ఉందని, గింజ పట్టని తాలు ఉందని క్వింటాకు కొన్ని కిలోలు కోసేయడం. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు తెలుగు రైతులు దీన్నే తరుగు అంటారు. 2024–25లో సాధారణ రకం మద్దతు ధర 2,300 రూపాయలు, దానిపైన రాష్ట్రం ఇచ్చిన 800 కలిపితే క్వింటా 3,100. కిలో 31 రూపాయలన్నమాట. అయిదు కిలోలు కోస్తే 155 రూపాయలు పోయినట్టే.

ఈ గొడవను మిల్లరు ఆశ, అధికారి ఉదాసీనత అని చెప్పి ముగించడం తేలిక. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ధాన్యం బియ్యమయ్యేటప్పుడు కొంత పోవడం కొత్త సంగతి కాదు. ఆ పోయేది ఎవరి మీద పడాలన్నదే, మర మారినప్పుడల్లా మారుతూ వచ్చింది. మండీ కాటా దగ్గరి తగువు ఆ వరుసలో తాజాది.

నూరు కిలోల మంచి ధాన్యంలో పొట్టు సుమారు 20 కిలోలు. గింజను తెల్లగా చేస్తే రాలే తౌడు ఆరు నుంచి ఎనిమిది కిలోలు. మిగిలేది బియ్యమూ నూకా, అందులోనూ కొంత దుమ్ముగా, తేమగా పోతుంది. నూక ఎంత, తౌడు శుభ్రంగా విడిగా దొరుకుతుందా లేక ఊకలో కలిసిపోతుందా అన్న రెండు ప్రశ్నల మీదే ఈ పరిశ్రమ లాభనష్టాలన్నీ నడిచాయి.

రోలూ రోకలీ, ఒడియా ఊళ్లలో కాలితో తొక్కే ఢెంకి ఉన్న రోజుల్లో తూకమే లేదు. ఆడవాళ్లు దంచి, చేటతో చెరిగి, మళ్లీ దంచేవారు. పైపొర పూర్తిగా పోయేది కాదు, బియ్యం కాస్త ముదురు రంగులో ఉండేది. నూక జావలోకి, తౌడు పశువులకు, ఊక పొయ్యిలోకి వెళ్లేది. ఇంట్లో ఏదీ వృథా కాదు కాబట్టి తరుగు లెక్కా ఉండేది కాదు. ఖర్చంతా ఒంటి కష్టం. కూలికి దంచే ఆడవాళ్లకు బియ్యమో నూకో ముట్టేది. భూమి లేని ఇళ్లకు, ముఖ్యంగా ఒంటరి ఆడవాళ్లకు, అది చిన్న ఆధారం కాదు.

దీన్ని కదిపింది ముందు రైలు. 1890ల్లో తూర్పు తీరం వెంట లైను పడింది. 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల సన్న గేజి బండి వచ్చింది. 1931కి అది గుణుపురం చేరింది. వంశధార లోయ ధాన్యానికి దూరపు గిరాకీ తగిలాక దంచి అమ్మడం సరిపోలేదు. స్టేషను దగ్గర మిల్లు, దానికి ఊకతోనే మండే బాయిలరు అన్న ఏర్పాటు తీరమంతా పరుచుకుంది.

ఊళ్ల దాకా వెళ్లిన యంత్రం మాత్రం హల్లరు. 1880ల్లో బ్రెజిల్‌లో ఎంగెల్‌బర్గ్ అనే ఆయన కాఫీ గింజల కోసమూ వరి కోసమూ రూపొందించిన మర అది. దాని గొప్పతనం సాదాతనమే. లోపల మెట్లు తేలిన ఇనుప రోలరు తిరుగుతుంది. చుట్టూ తొట్టి, దాని అడుగు సగాన చిల్లుల జల్లెడ రేకు. పక్క నుంచి ఒక ఉక్కు పలక లోపలికి పొడుచుకొని ఉంటుంది. ధాన్యం రోలరుకూ ఆ పలకకూ మధ్య నలిగి, ఒకదానికొకటి రాసుకొని పొట్టు వదులుతుంది. ఆ రాపిడిలోనే తౌడూ రాలుతుంది. పలకను దగ్గరకు బిగిస్తే నూక పెరుగుతుంది, వదులు చేస్తే బియ్యంలో వడ్లగింజలు మిగులుతాయి. అప్పుడు రెండోసారి పోయాలి, రెండోసారికి ఇంకాస్త విరుగుతుంది. జల్లెడ చిల్లులు అరిగి పెద్దవైతే నూక కిందికి జారి ఊకలో పోతుంది. పది హార్స్‌పవర్ మోటారో డీజిల్ ఇంజినో, ఒక బెల్టూ ఉంటే చాలు. బాగు చేయడానికి ఊరి కమ్మరి సరిపోతాడు.

హల్లరు అసలు లోపం విరగ్గొట్టడం కాదు, కలిపేయడం. పొట్టూ తౌడూ నూకపొడీ ఒకే జల్లెడలోంచి ఒకే కుప్పగా పడతాయి. ఆ తౌడులో ఊక ఎక్కువ కాబట్టి నూనె తీయడానికి పనికిరాదు. అయినా రైతు ఫిర్యాదు చేయలేదు, ఎందుకంటే ఆ కుప్ప ఆయన పశువులకే వెళ్లేది. ఆడింపు కూలి కట్టి, తన ధాన్యం తన బియ్యంగా తెచ్చుకునేవాడు. నష్టమంతా దంపుడు కూలి మీద పడింది. రోజంతా దంచే పనిని మర ఒక పూటలో తేల్చేసింది.

ఇంకో నష్టం ఎవరికీ కనపడకుండా వచ్చింది. గింజ పైపొరతోపాటు బి1 విటమిన్ పోతుంది. ముడి బియ్యాన్ని, అంటే ఉడికించని ధాన్యం నుంచి తీసిన బియ్యాన్ని, మరలో బాగా తెల్లగా చేసి తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో ఆ విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు వేళ్లూనుకుంది. 1930లు, 40ల్లో కూనూరు పోషకాహార పరిశోధనశాలలో శాస్త్రవేత్త ఎక్రాయిడ్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ ప్రాంతాన్ని ప్రత్యేకంగా చూశారు. ఉప్పుడు బియ్యం తినే చోట్ల ఈ జబ్బు లేకపోవడం వాళ్లకు దొరికిన ఆధారం. ధాన్యాన్ని నానబెట్టి ఉడికించేటప్పుడు పైపొరలోని విటమిన్ కొంత గింజ లోపలికి దిగుతుంది. తర్వాత తౌడు తీసినా అది మిగులుతుంది.

ఒడిశా ఇళ్లలో ‘ఉసునా’, అంటే ఉప్పుడు బియ్యం అలవాటు అంతకంటే పాతది. హల్లరుకు కూడా అది కలిసొచ్చింది. ఉడికిన గింజలో పిండి గట్టిపడి పగుళ్లు పూడుకుంటాయి, అందుకే మరలో తక్కువ విరుగుతుంది. అదే యంత్రంలో ముడి ధాన్యం పోసి చూస్తే తేడా కళ్ల ముందే ఉంటుంది.

పాత పద్ధతి ఉప్పుడులో ధాన్యాన్ని చన్నీళ్లలో రెండు మూడు రోజులు నానేసేవారు. నీరు పులిసి బియ్యానికి వాసన పట్టేది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) రూపొందించిన వేడినీటి పద్ధతిలో 65–70 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు నానితే చాలు. తర్వాత ఆవిరి, పొట్టు నోరు విచ్చే దాకా. ఆరబెట్టడంలోనే పని చెడుతుంది. ఎండలోనైనా డ్రయరులోనైనా తేమను ఒకే ఊపులో 14 శాతానికి దించితే గింజ లోపల పగుళ్లు పడతాయి, మరలో పోశాకే అవి బయటపడతాయి. 18 శాతం దగ్గర ఆపి, కొన్ని గంటలు కుప్పగా ఉంచి, లోపలి తేమ పైకి వచ్చాక రెండో విడత ఆరబెట్టాలి. తొందరలో ఈ విరామం ఎగ్గొట్టిన మిల్లుకు నూక పెరిగితే ధాన్యం బాగాలేదని సాకు చెప్పడం మామూలే.

ప్రభుత్వం ఈ మార్పును ఆపాలని చూసిన కాలమూ ఉంది. దంపుడు పనిని కాపాడడానికి 1958లో బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం తెచ్చింది. కొత్త మిల్లుకు లైసెన్సు తప్పనిసరి అయింది. కానీ అప్పటికే, 1955లో, మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం మొదలైంది, ఊళ్లకు కరెంటు తీగ మెల్లగా చేరుతూ వచ్చింది. మోటారు ముందు చట్టం నిలవలేదు. తర్వాత అదే చట్టాన్ని మిల్లులను ఆధునికం చేయించడానికి వాడారు, 1997లో రద్దు చేశారు. రోకలిని కాపాడాలని పుట్టి, హల్లరును తప్పుపట్టే దశకు చేరి, చివరికి పోయింది.

ఆధునికం అంటే ప్రధానంగా రబ్బరు షెల్లరు. రెండు రబ్బరు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతాయి. ఒకటి రెండోదానికంటే దాదాపు నాలుగో వంతు వేగం ఎక్కువ. ఆ వేగాల తేడాకు పొట్టు ఒలిచినట్టు ఊడిపోతుంది, గింజ నలగదు. ఒక్క పోతలో 80–90 శాతం ఒలిస్తే చాలు, మొత్తం ఒలవాలని బిగిస్తే గింజ విరగడం మొదలవుతుంది. మిగిలిన వడ్లను సెపరేటరు ఏరి వెనక్కి పంపుతుంది. వేగంగా తిరిగే రోలరు ముందు అరుగుతుంది కాబట్టి రెండింటినీ అప్పుడప్పుడు స్థానాలు మార్చాలి. ఇసుక, రాళ్లు ముందే తీయకపోతే రబ్బరుకు గాట్లు పడి ఒలుపు తగ్గుతుంది.

పొట్టు ఒక దారిన, తౌడు ఇంకో దారిన పోవడంతో అసలు లెక్క మారింది. శుభ్రమైన తౌడులో 15–20 శాతం నూనె ఉంటుంది, ఉప్పుడు తౌడులో ఇంకా ఎక్కువ. ముడి తౌడు మాత్రం ఆగదు. గింజ నుంచి విడిపోగానే అందులోని ఎంజైమ్ నూనెను ఆమ్లంగా మార్చడం మొదలుపెడుతుంది, రోజు తిరిగేసరికి ధర పడిపోతుంది. అందుకే నూనె ఫ్యాక్టరీకి దగ్గరగా, లారీలు ఆగకుండా తిరిగే పెద్ద మిల్లుకే ఇందులో డబ్బు. ఒకప్పుడు రైతు పశువు తిన్న తౌడు ఇప్పుడు మిల్లరు ఆదాయం. ఊకా అంతే, బాయిలరుకు పోను మిగిలింది ఇటుక బట్టీలకు అమ్ముడవుతుంది. ఆడింపు కూలి కట్టి ఇంటికి తెచ్చుకునే రైతు, ధాన్యమే అమ్మేసి వెళ్లే రైతు అయ్యాడు. ఈ మలుపు మీద జరగాల్సినంత చర్చ జరగలేదు.

ఆపైన రంగు చూసి గింజలను వేరుచేసే యంత్రం, సార్టెక్స్ వచ్చింది. వాలుపలక మీద జారే ప్రతి గింజనూ కెమెరా చూస్తుంది, మచ్చ గింజను గాలి పిచికారీతో పక్కకు కొడుతుంది. కంప్రెసరు గాలిలో తేమ, నూనె చేరితే ముక్కులు పూడి, మంచి గింజలూ తిరస్కారంలో పడతాయి. మచ్చ గింజకు ధర పడిపోవడంతో ఆ జాగ్రత్త పొలం దాకా పాకింది.

అదే సమయంలో పొలంలోకి కోత మిషను వచ్చింది. పనలు కట్టి, కుప్ప వేసి, నూర్చిన రోజుల్లో ధాన్యం కళ్ళంలోనే ఆరేది. మిషను 20 శాతం పైబడిన తేమతో, పచ్చి గింజలతో కలిపి ట్రాలీలో పోసేస్తుంది. ఊరంతా ఒకే వారంలో కోస్తారు, ఆరబెట్టే జాగా రోడ్డే. మండీ నిబంధన ప్రకారం తేమ 17 శాతం మించకూడదు.

ఇక్కడే లెక్క తెలియాలి. 22 శాతం తేమ ఉన్న 100 కిలోల్లో పొడి పదార్థం 78 కిలోలు. దాన్ని 17 శాతానికి తెస్తే 94 కిలోలు అవుతుంది. న్యాయమైన తరుగు ఆరు కిలోలు. 19 శాతమైతే 2.4 కిలోలే. 19కి కూడా అయిదు కోస్తే మిగతా 2.6 కిలోలకు లెక్క లేదు, 2024–25 ధర కిలో 31 చొప్పున అది దాదాపు 80 రూపాయలు.

మిల్లరు వైపు లెక్క వేరు. ప్రభుత్వం కొన్న ధాన్యాన్ని ఆడి, దానికి నూరు కిలోల ధాన్యానికి 67 కిలోల ముడి బియ్యం, లేదా 68 కిలోల ఉప్పుడు బియ్యం ఇవ్వాలి. 17 శాతం తేమతో తీసుకున్న క్వింటా 14కి ఆరితే 96.5 కిలోలే మిగులుతుంది. అందులోంచి 67 తీయాలంటే నిజమైన రాబడి 69.4 శాతం ఉండాలి. ముడి బియ్యంలో 25 శాతం, ఉప్పుడులో 16 శాతం నూక అనుమతి ఉంది కాబట్టి మంచి యంత్రం, మంచి ధాన్యం ఉంటే ఇది సాధ్యమే. తాలు ఎక్కువైనా రబ్బరు అరిగినా కొరత వస్తుంది. ఆ కొరతను యంత్రం బాగు చేసి పూడ్చవచ్చు, తూకం దగ్గర కోసీ పూడ్చవచ్చు. రెండోది చవక.

మరో చిత్రం. మరలో తీసేసిన పోషకాల వెలితికి మరలోనే మందు వెతికారు. రేషను బియ్యంలో 100 కిలోలకు ఒక కిలో చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 చేర్చిన గింజలు కలిపే పద్ధతి తెచ్చారు. కలిపే యంత్రం నిలకడగా పోయకపోతే ఒక బస్తాలో ఎక్కువ, ఇంకో బస్తాలో తక్కువ పడతాయి.

కొండ ప్రాంతాల్లో హల్లరు ఇంకా బతికే ఉంది. కొరాపుట్ కాలాజీరా లాంటి సువాసన రకాలు, తిండికి ఉంచుకున్న రెండు మూడు బస్తాలు పెద్ద మిల్లుకు అందవు. ఒక రైతు ధాన్యాన్ని విడిగా ఆడి, విడిగా ఇవ్వడం దాని తీరు కాదు.

మండీలో తగువుకు దిగే ముందు రైతు చూసుకోవలసింది తేమ కొలిచే మీటరు. అది ధాన్యం రకానికే సెట్ అయి ఉందా, నమూనా ఒక్క బస్తా పైనుంచి కాక నాలుగైదు బస్తాల లోపలి నుంచి తీశారా, కనీసం మూడు రీడింగుల సగటు వేశారా అని అడగాలి. ఎండలోంచి ఎత్తిన వేడి ధాన్యాన్ని వెంటనే కొలిస్తే అంకె తప్పవచ్చు, నీడలో చల్లారనివ్వాలి. సగటు అంకెను చీటీ మీద రాయించుకుంటే, పై లెక్క ప్రకారం ఎన్ని కిలోలు పోవాలో అక్కడే తేలుతుంది.