పాత లారీ, పొగ పరీక్ష: షెడ్డులో రోజూ వినే అపోహలు, ఇంజిన్ చెప్పే వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ ఇంజిన్ల పని మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లయింది. "పొల్యూషన్‌లో బండి పాస్ కాలేదు మేస్త్రి గారూ, పంపు కాస్త తగ్గించండి" అంటూ వారానికి ఒకరిద్దరైనా వస్తారు. పంపు అంటే ఇంజిన్‌కు డీజిల్‌ను కొలిచి పంపేది. రోగం ఏమిటో చూపించుకోకుండా మందు పేరు చెప్పి అడగడం ఇది. పొగ ఎందుకు వస్తోందో తెలుసుకోకుండా పంపు మీద చెయ్యి వేస్తే బండి బలం పోతుంది. చాలాసార్లు పొగ మాత్రం అలాగే ఉంటుంది. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకు విడివిడిగా చెప్పే మాటలన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: పాత బండి ఎంత ఖర్చు పెట్టినా పాస్ కాదు.

పాత బండిని కొత్త బండి కొలతతో కొలవరు. డీజిల్ బండి పరీక్షలో మీటరు చూసేది పొగ ఎంత చిక్కగా ఉందన్నదే. గొట్టం నుంచి వచ్చే పొగలోకి వెలుతురు పంపి, అందులో ఎంత ఆగిపోయిందో లెక్కకడుతుంది. బండి పొగకు ప్రభుత్వం పెట్టిన ప్రమాణాల్లో ఒక మెట్టు భారత్ స్టేజ్ 4. దానికంటే ముందు తరం డీజిల్ బండ్లకు పొగ చిక్కదనం పరిమితి, ఒక మీటరు పొడవు లెక్కన, 2.45. పాత కొలతలో చెప్పాలంటే 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు. అంటే 43 సెంటీమీటర్ల పొగ గుండా వెళ్లేసరికి వెలుతురులో 65 శాతం ఆగిపోయినా పాస్ అయినట్టే. స్టేజ్ 4 బండ్లకు పరిమితి 1.62, అంటే 50 యూనిట్లు. మీ బండి ఏ తరానిదో ముందు ఆర్‌సీలో చూసుకోండి.

2.45 చాలా ఉదారమైన పరిమితి. సరిగా చూసుకున్న పాత టాటా, లేలాండ్ ఇంజిన్లు ఒకటిన్నర దగ్గర ఆగడం నేను ఎన్నోసార్లు చూశాను. ఇంత వెసులుబాటు ఉన్నా పాస్ కాలేదంటే తప్పు బండి వయసుది కాదు. లోపల ఏదో చెడిపోయి ఉంటుంది.

అపోహ: నల్ల పొగ వస్తేనే లాగుడు ఉంటుంది.

డ్రైవర్లలో బాగా పాతుకుపోయిన నమ్మకం ఇది. నాకు ఎక్కువ బాధ కలిగించేది కూడా ఇదే. నల్ల పొగ అంటే కాలకుండా మిగిలిన బొగ్గు. సిలిండర్‌లోకి వచ్చిన గాలి ఎంత డీజిల్‌ను కాల్చగలదో అంతవరకే బలం వస్తుంది. ఆపైన పోసిన డీజిల్ మసిగా మారి గొట్టంలోంచి బయటికి పోతుంది. పంపు పెంచిన కొత్తలో లాగుడు పెరిగినట్టు అనిపించే మాట నిజమే. కానీ కొద్దిపాటి బలం కోసం ఎంతో డీజిల్ తగలబడుతుంది, దానితోపాటు లోపలి వేడి కూడా పెరుగుతుంది. పిస్టన్ తలకు పగుళ్లు రావడం, ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోవడం, గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే టర్బో పాడవడం ఈ వేడి వల్లే. అలాంటి హెడ్లు విప్పినప్పుడు, ఇంత నష్టం పంపు మీద రెండు చుట్లు తిప్పిన ఒక్క స్క్రూ వల్ల వచ్చిందంటే యజమానులు నమ్మలేరు.

అపోహ: పరీక్ష ముందు పంపు తగ్గించి, తర్వాత పెంచుకుంటే సరిపోతుంది.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. పొగ ఎక్కువైనప్పుడు నేను వెతికే వరుస ఒకటే. ముందు గాలి, తర్వాత సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు, చివరికి పంపు. చాలా షెడ్లలో ఈ వరుస తలకిందులుగా సాగుతుంది. పంపు స్క్రూ చేతికి అందేచోట ఉండటమే అందుకు కారణం.

గుడివాడ వైపు నుంచి ఒక టాటా 1613 లారీ వచ్చింది. బియ్యం మిల్లుల నుంచి ఊక తోలే బండి. అప్పటికే వేరేచోట మూడుసార్లు పంపు తగ్గించారు. అయినా మీటరు మూడు దగ్గరే ఆగుతోంది. లోడుతో వంతెన ఎక్కాలంటే రెండో గేరుకు దిగాల్సి వస్తోందని డ్రైవరు వాపోయాడు. ఎయిర్ ఫిల్టర్ విప్పితే కాగితం మడతల నిండా ఊక దుమ్ము అట్టలా పేరుకుపోయి ఉంది. టర్బో నుంచి ఇంజిన్‌కు గాలి తీసుకెళ్లే రబ్బరు గొట్టం కింది వైపున సన్నగా చీలింది. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. సబ్బు నీళ్లు పూసి లోపలికి ఒత్తిడి పెడితే బుడగలు వచ్చాయి. ఫిల్టర్, గొట్టం రెండూ మార్చాం. తర్వాత పంపును బెంచి మీద పెట్టి కంపెనీ చెప్పిన కొలతకు తెచ్చాం, అంటే డీజిల్‌ను పెంచాం. తిరిగి పరీక్షకు వెళ్తే 1.7 వచ్చింది. డీజిల్ పెంచాక పొగ తగ్గడమేమిటని యజమాని రెండుసార్లు అడిగాడు. కాలడానికి ఇప్పుడు గాలి అందుతోంది, అంతే.

ఎయిర్ ఫిల్టర్ గురించి ఒక జాగ్రత్త. ఫిల్టర్‌ను టైరుకేసి కొట్టి దులపకండి. అంచులు వంగితే దుమ్ము పక్కనుంచి నేరుగా లోపలికి పోయి సిలిండర్ లోపలి లైనర్లను అరగదీస్తుంది. గాలి కొట్టాలంటే తక్కువ ఒత్తిడితో, లోపలి నుంచి బయటికి కొట్టాలి. లోపల రెండో చిన్న ఫిల్టర్ ఉన్న బండ్లలో దాన్ని శుభ్రం చేయకూడదు, మార్చాలి.

గాలి సరిగా ఉందని తేలాక నాజిళ్లు విప్పాలి. బెంచి మీద చూస్తే డీజిల్ మంచుతెరలా చిమ్మాలి. ధారలా పడినా, చిమ్మడం ఆగాక కొనలో చుక్క వేలాడినా ఆ నాజిల్ పనికిరాదు. ఆరింటిలో ఒక్కటి చుక్క కార్చినా చాలు, బండి పాస్ కాకపోవచ్చు. అదే సమయంలో ట్యాపెట్ సందులు, అంటే వాల్వుల దగ్గర వదలాల్సిన ఖాళీ, కూడా చూసుకోండి. ఇవన్నీ బాగున్నాయని తేలాకే పంపు టైమింగ్, డీజిల్ పరిమాణం వైపు చూడాలి. అదీ బెంచి మీద కొలిచి మాత్రమే. చెవితో విని స్క్రూ తిప్పడం క్యాలిబ్రేషన్ కాదు.

అపోహ: ట్యాంకులో కిరోసిన్ కలిపితే పొగ తగ్గుతుంది.

పంపు లోపల డీజిల్‌ను నెట్టే ప్లంజర్లకు ఆయిలూ గ్రీజూ వేరే ఉండవు, వాటికి జిడ్డు డీజిలే. కిరోసిన్‌లో ఆ జిడ్డు తక్కువ. ప్లంజర్ అరిగితే వేడి మీద బండి స్టార్ట్ కాదు, లాగుడు తగ్గుతుంది. ఒక్క పరీక్ష కోసం పంపు మొత్తాన్ని పణంగా పెట్టడం ఇది. పైగా చట్ట ప్రకారం అది కల్తీ. సీసాల్లో అమ్మే మందులతో నాజిల్ మీది మురికి కొంత పోవచ్చేమో గానీ అరిగిన నాజిల్ బాగుపడదు.

గొట్టంలో ఇనుప జాలీ, తడి గోనె కుక్కే అలవాటు కూడా చూశాను. పొగకు దారి మూస్తే ఇంజిన్ ఊపిరి ఆడక ఇంకా వేడెక్కుతుంది. దయచేసి అలా చేయకండి.

అపోహ: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పరీక్షకు వెళ్తే మంచిది.

దీనికి పూర్తిగా వ్యతిరేకం. చల్లటి ఇంజిన్‌లో డీజిల్ సరిగా కాలదు. పరీక్షకు ఇంజిన్ ఆయిల్ కనీసం 60 డిగ్రీల వేడి మీద ఉండాలి. ఊళ్లో నిలబడుతూ కదులుతూ తిరిగిన బండి సైలెన్సర్‌లో మసి పేరుకుని, యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్కసారిగా బయటపడుతుంది. అందుకే వెళ్లేముందు హైవే మీద ఇరవై కిలోమీటర్లు బాగా తోలండి. పరీక్షలో న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్‌ను అడుగుదాకా పదేపదే తొక్కుతారు. కాబట్టి ఆయిల్ మట్టం, నీళ్లు, బెల్టులు ముందే చూసుకోవడం ఇంజిన్‌కు క్షేమం.

అపోహ: పొగ ఏ రంగులో ఉన్నా జబ్బు ఒక్కటే.

కాదు. నల్లది గాలి తగ్గడం వల్లనో, డీజిల్ ఎక్కువై కాలకపోవడం వల్లనో వస్తుంది. నీలం రంగులో ఉంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. రింగులు, వాల్వు సీళ్లు, టర్బో సీళ్లు చూడాలి. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే టైమింగ్ తప్పిందో, హెడ్ గ్యాస్కెట్ దగ్గర నీళ్లు దిగుతున్నాయో తేల్చుకోవాలి.

అపోహ: సర్టిఫికెట్ చేతికొస్తే పని అయిపోయినట్టే.

సర్టిఫికెట్ లేకుండా దొరికితే 2019 సవరణ తర్వాత చట్టం ప్రకారం జరిమానా 10,000 రూపాయల దాకా ఉండొచ్చు. ఆ భయంతో బండి పెట్టకుండానే కాగితం తెచ్చుకునేవాళ్లున్నారు. వాళ్ల మీద నాకు కోపం కంటే దిగులే ఎక్కువ. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చి చెప్పింది. ఆ పొగ ముందుగా పీల్చేది క్యాబిన్‌లో పడుకునే క్లీనరు, తర్వాత నా షెడ్డులో పని నేర్చుకునే కుర్రాళ్లు. ఇంజిన్ ఆన్‌లో ఉంటే షెడ్డు తలుపులు మూయనివ్వను.

ఇంకో సంగతి. ఈ పరీక్ష లోడు లేకుండా జరుగుతుంది. అక్కడ పాస్ అయిన బండి కూడా ఘాట్ రోడ్డు మీద నిండు లోడుతో నల్లగా కక్కవచ్చు. అద్దంలో మీకే కనిపిస్తుంది. కనిపిస్తే సర్టిఫికెట్ గడువు ముగిసేదాకా ఆగకుండా తీసుకురండి.

స్టేజ్ 4 కంటే ముందు బండ్లకు సర్టిఫికెట్ ఆరు నెలలే పనిచేస్తుంది. అంటే ఏడాదికి రెండుసార్లు మీ ఇంజిన్ ఆరోగ్యం అంకెల్లో తెలుస్తుంది. నా దగ్గరికి వచ్చే ప్రతి బండికీ క్యాబిన్ తలుపు లోపలివైపు ఒక చీటీ అంటించి, తేదీ, కిలోమీటర్లు, మీటరు చూపిన అంకె రాస్తాను. పోయినసారి 1.4 ఉన్న బండి ఈసారి 1.9 చూపిస్తే, అది పాస్ అయినా సరే, ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పుతాను.